వేపాకు రసంతో వెండి నానో కణాలు: రంగొచ్చింది, మడ్డీ దిగింది

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం వేపాకు కాచి వడకట్టిన నీళ్లలో 1 మిల్లీమోలార్ సిల్వర్ నైట్రేట్ కలిపాను, గంటలో గోధుమరంగు వచ్చింది, తెల్లారేసరికి అడుగున నల్లటి మడ్డి. టెన్షన్‌గా ఉంది, తప్పెక్కడ?

జవాబు: ఆకులు కాచింది కుళాయి నీళ్లతోనా? అందులో క్లోరైడ్ ఉంటే సిల్వర్ క్లోరైడ్ దిగి వెలుతురుకి నల్లబడుతుంది. డిస్టిల్డ్ వాటరే వాడండి.

ఇంకో జవాబు: రంగు చూసి మురిసిపోకండి, యూవీ తీయండి, అంటే ద్రావణం ఏ తరంగదైర్ఘ్యం కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూపే గ్రాఫ్. 420 నానోమీటర్ల చుట్టుపక్కల పీక్ ఉండాలి, బాగా వెడల్పయితే కణాలు ముద్దకట్టి ఉండొచ్చు. ఉత్ప్రేరకంగా పనిచేస్తుందా అంటే 4-నైట్రోఫినాల్‌లో సోడియం బోరోహైడ్రైడ్ వేసి చూడండి, కణాలు కలిపాక నైట్రోఫినాల్ అమైనోఫినాల్‌గా మారుతూ 400 దగ్గరి పీక్ తగ్గి 300 దగ్గర కొత్తది లేస్తుంది. పోల్చి చూడ్డానికి కణాలు వేయకుండా అదే పరీక్ష (కంట్రోల్) చేయడం మాత్రం మర్చిపోవద్దు, వైవాలో మా గైడ్ పట్టుకున్నది అక్కడే.

అడిగినవారు: అయ్యో, కుళాయి నీళ్లేనండీ!