గన్నవరం వైపు నుంచి అమెరికా వెళ్లేవాళ్ల లెక్క ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న (ప్లానింగ్ విద్యార్థి, విజయవాడ):
కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఏడాదికి ఎంతమంది అమెరికా వెళ్తున్నారో ప్రాజెక్టు కోసం అంచనా వెయ్యాలి. డీజీసీఏ (విమానయాన నియంత్రణ సంస్థ) పట్టికల్లో హైదరాబాద్–దుబాయ్, హైదరాబాద్–దోహా ఉన్నాయి, హైదరాబాద్–డాలస్ లేదు. పైగా ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ చెప్పే దేశీయ మొత్తం డీజీసీఏ అంకెకు దాదాపు రెట్టింపు. ఏది నమ్మాలి?

జవాబు 1:
రెండూ సరైనవే. అథారిటీ ప్రతి విమానాశ్రయంలో ఎక్కినవాళ్లనీ దిగినవాళ్లనీ లెక్కపెడుతుంది. గన్నవరంలో ఎక్కి ఢిల్లీలో దిగిన మనిషి అథారిటీ లెక్కలో ఇద్దరవుతాడు, డీజీసీఏ లెక్కలో ఒక్కడే. రెండు అంకెలనూ ఒకే పట్టికలో కలపకండి.

జవాబు 2 (విమానాశ్రయ ట్రాఫిక్ విభాగంలో పనిచేసి రిటైరయ్యాను):
బాబూ, ఆ డీజీసీఏ పట్టికలు విమానం ఎటు వెళ్లిందో చెబుతాయి, మనిషి ఎటు వెళ్లాడో చెప్పవు. 2021 జనవరిలో ఎయిరిండియా హైదరాబాద్–చికాగో నేరుగా మొదలుపెట్టింది. అది ఆగిపోయాక పట్టికలో చికాగో మాయమైంది. జనం ఆగారా? దోహా, దుబాయ్, ఫ్రాంక్‌ఫర్ట్ లెక్కల్లో కలిసిపోయారు.

అమెరికాలో టికెట్లలో కొంత భాగం శాంపిల్‌గా తీసి, ప్రయాణం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో ప్రచురిస్తారు. అందరికీ ఇచ్చేది వాళ్ల దేశం లోపలి ప్రయాణాలదే కాబట్టి మీకు పనికిరాదు. మన దగ్గర అలాంటిది దేశీయానికి కూడా ఉచితంగా దొరకదు. బుకింగ్ డేటా అమ్మే సంస్థలున్నాయి, విద్యార్థి కొనగలిగే ధర కాదు.

కొన్నా అసలు చిక్కు తీరదు. టికెట్ మీద ‘హైదరాబాద్’ అనే ఉంటుంది. తెనాలి నుంచి రాత్రికి కారు మాట్లాడుకుని, పచ్చళ్ల డబ్బాలతో శంషాబాద్ చేరిన అమ్మానాన్నల ఊరు ఏ కంప్యూటర్‌లోనూ ఉండదు. టోల్‌గేటు కూడా బండినే లెక్కపెడుతుంది. మీ ప్రాజెక్టుకు ప్రాణం ఆ రోడ్డు ప్రయాణమే.

ప్రశ్న అడిగినవారు:
అయితే సర్వే తప్పదా సార్? శంషాబాద్‌లో అనుమతి ఇస్తారా?

జవాబు 2:
కష్టం. సూర్యాపేట దగ్గర హైవే హోటళ్ల యజమానులను అడిగి నిలబడండి, విజయవాడ బళ్లు చాలావరకు అక్కడ ఆగుతాయి. ఏ ఊరి నుంచి, ఏ ఊరికి, మధ్యలో ఎక్కడ విమానం మారతారు, ఈ మూడూ చాలు. ఆగస్టులో చదువులకు వెళ్లే పిల్లలు ఎక్కువ, ఆ ఒక్క నెల చూసి ఏడాదికి గుణించకండి. గుంటూరు నుంచి నార్కట్‌పల్లి మీదుగా వెళ్లేవాళ్లు సూర్యాపేటకు రారు, వాళ్లకు మిర్యాలగూడ వైపు ఇంకో చోటు చూసుకోండి.

జవాబు 3:
ఇంత శ్రమ ఎందుకు? ఫ్లైట్ వేస్తే జనం వాళ్లే వస్తారు.

జవాబు 2:
చిన్న ఊళ్లకు సబ్సిడీతో విమానాలు నడిపే ఉడాన్ పథకంలో మూడో విడత వరకు ఇచ్చిన 774 రూట్లలో 403 మొదలే కాలేదని ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2023లో రాసింది. విమానాశ్రయాలు సిద్ధం కాకపోవడం లాంటి కారణాలూ ఉన్నాయి, నిజమే. కానీ మొదలైన 371లో ఒప్పంద గడువు మూడేళ్లూ నడిచినవి 112. మరి మిగతా వాటికి జనం ఎందుకు రాలేదంటారు?