మోలీలకు తెల్ల మచ్చల జబ్బు: కోరీలున్న ట్యాంకులో ఉప్పు వెయ్యొచ్చా?

అందరికీ నమస్కారం. మాది విజయవాడ. 60 లీటర్ల చేపల ట్యాంకులో ఆరు మోలీలు, నాలుగు కోరీలు (అడుగున తిరిగే చిన్న క్యాట్‌ఫిష్‌లు) ఉన్నాయి. పోయిన ఆదివారం కొత్తగా రెండు మోలీలు తెచ్చి విడిగా ఉంచకుండా నేరుగా అందులోనే వదిలాను, అదే తప్పయింది. నిన్నటి నుంచి నల్ల మోలీ తోక మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు. పాపం, గులకరాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటోంది.

హీటర్ 26 నుంచి మెల్లగా 30 డిగ్రీలకు పెంచుతున్నాను. ఆ చుక్కలోని పురుగు ఒంటి మీదున్నంతసేపు మందు పనిచేయదని, అది రాలిపోయాక దాని పిల్లపురుగులు నీళ్లలో ఈదేటప్పుడే చస్తాయని తెలుసు. నా భయమంతా కోరీల గురించే. వాటికి మామూలు పొలుసులుండవు కదా, లీటరుకు 1 గ్రాము కల్లుప్పు తట్టుకుంటాయా? లేక మలకైట్ గ్రీన్ (ఈ జబ్బుకు వాడే మందు) సగం మోతాదులో వేస్తే మేలా? చుక్కలు పోయాక ఇంకా ఎన్నాళ్లు వెయ్యాలి? కోరీలు పెంచుతూ దీన్ని నయం చేసుకున్నవాళ్లు దయచేసి చెప్పండి.