చలి రాత్రుల్లో పెరటి మొక్కలను కాపాడుకోవడం ఎలా?

కొత్తచిగురు:
కనిష్ఠ ఉష్ణోగ్రత 3 డిగ్రీలని సూచన ఇచ్చిన రాత్రే మా టమాటా, మిరప ఆకులు ఉడికించినట్టు వడలి, మధ్యాహ్నానికి నల్లబడ్డాయి. ప్లాస్టిక్ పట్టా కప్పిన మొక్కల్లోనూ పట్టాకు ఆనుకున్న ఆకులు పోయాయి. సున్నాకు చేరకుండానే ఇలా ఎందుకు జరిగింది?

పాదుగట్టు:
సూచనలో చెప్పే ఉష్ణోగ్రతను నేలకు సుమారు ఒకటిన్నర మీటరు ఎత్తున కొలుస్తారు. మబ్బు లేని, గాలి కదలని రాత్రి ఆకులు తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తూ చుట్టూ ఉన్న గాలికన్నా ఎక్కువ చల్లబడతాయి కనుక, పైన 3 డిగ్రీలున్నా ఆకు మీద మంచు గడ్డకట్టి పేరుకోవచ్చు. చల్లగాలి బరువైనది, పల్లపు మడుల్లోకి, గోడకు ఎగువ వైపున చేరి నిలిచిపోతుంది. మబ్బు పట్టిన రాత్రి అదే 3 డిగ్రీలకు ఇంత భయపడనక్కరలేదు. ఇక పల్చని ప్లాస్టిక్ చలిని ఆపలేదు, తాకిన ఆకును అది కాపాడదు.

నీరెండ:
కప్పే గుడ్డ తనంతట తాను వేడి పుట్టించదు, నేల నుంచి పైకి వచ్చే వేడిని పోనీయకుండా పట్టి ఉంచుతుంది, అంతే. అందుకే పాత దుప్పటిని కర్రల మీదుగా గుడారంలా వేసి, అంచులు నేలను తాకేలా రాళ్లు పెట్టాలి. చాలామంది దుప్పటిని కొమ్మలకు చుట్టి కాండం దగ్గర మూటలా బిగిస్తారు. అప్పుడు నేల వేడి లోపలికి రాదు. పొద్దు వాలకముందే కప్పి, ఎండ వచ్చాక తీసేయండి. మట్టి పొడిగా ఉంటే పగలే తడపండి, తడిమట్టి పగటి వేడిని ఎక్కువగా నిలుపుకుంటుంది.

మిద్దెతోట:
వీటితో పాటు మొక్కల చుట్టూ నేల మీద గడ్డి పరిచే మల్చింగ్ కూడా మందంగా వేస్తే సరిపోతుంది కదా?

పాదుగట్టు:
ఇక్కడ నేను ఒప్పుకోను. మల్చింగ్ వేళ్లను కాపాడుతుంది గానీ నేల వేడిని కిందే ఆపేస్తుంది కనుక పైనున్న ఆకులకు చలి ఇంకా పెరుగుతుంది. క్యారెట్ వంటి దుంపలకు వేయండి. లేత నారు చుట్టూ మాత్రం ఆ రాత్రికి పక్కకు లాగేయండి. కుండీల్లోని మొక్కల సంగతి వేరు, వాటి వేళ్లకు చలి నాలుగు వైపులా తగులుతుంది. పగలంతా ఎండ పడిన గోడ పక్కకు వాటిని చేర్చి, ఒకదానికొకటి ఆనించి పెట్టండి.

కొత్తచిగురు:
నల్లబడిన కొమ్మలను ఇప్పుడే కత్తిరించవచ్చా? రాత్రంతా నీళ్లు చల్లే పద్ధతి మాకు పనికివస్తుందా?

నీరెండ:
నీరు గడ్డకట్టేటప్పుడు గ్రాముకు 334 జౌల్‌ల వేడి వదులుతుంది, ఆ పద్ధతికి అదే ఆధారం. అయితే మంచు కరిగేదాకా ఆపకుండా చల్లాలి, మధ్యలో ఆగితే అసలు చల్లని దానికన్నా ఎక్కువ నష్టం. ఇంటి తోటకు నేనైతే సలహా ఇవ్వను. మిరప కొమ్మలను చలి పూర్తిగా తగ్గి కొత్త చిగుళ్లు కనిపించేవరకు ముట్టుకోకండి. ఎండిన పై ఆకులు కింది కణుపులకు కొంత కప్పుగా ఉంటాయి, ఎంతవరకు బతికిందో చిగురు వచ్చాకే తెలుస్తుంది. అప్పటిదాకా నత్రజని ఎరువు కూడా వేయకండి, దానికి వచ్చే లేత చిగురే తర్వాతి చలికి ముందుగా మాడుతుంది.