కపూచిన్ గురువుల పత్రాల్లో డబ్లిన్ సాంస్కృతిక జీవితం: ఏ పేరుతో, ఏ శీర్షిక కింద వెతకాలి?

ప్రశ్న:
సభ్యులందరికీ నమస్కారం. ఐర్లండ్‌లో బ్రిటిష్ పాలనపై జరిగిన 1916 ఈస్టర్ తిరుగుబాటుకు ముందూ వెనుకా డబ్లిన్ చర్చ్ స్ట్రీట్‌లోని కపూచిన్ (ఫ్రాన్సిస్కన్ శాఖకు చెందిన కథోలిక సన్యాసుల) మఠానికి ఆ నగరపు నాటక, సంగీత, భాషా కార్యక్రమాలతో ఉన్న సంబంధం గురించి పరిశోధన వ్యాసం రాస్తున్నాను. రెండు చోట్ల ఆగిపోయాను. ఆ మఠపు గురువు ఫాదర్ ఆల్బర్ట్ బిబీ జనన నమోదు ఎంత వెతికినా దొరకడం లేదు. ఆర్కైవ్స్ కేటలాగులో ‘నాటకం’, ‘సంస్కృతి’ అన్న మాటలతో వెతికితే పనికొచ్చేది ఏదీ రావడం లేదు. నా పొరపాటు ఎక్కడుందో తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం:
సన్యాసుల సభలో చేరేటప్పుడు జ్ఞానస్నానపు పేరును విడిచి కొత్త పేరు స్వీకరించడం ఆనాటి కపూచిన్ల ఆచారం. ఆల్బర్ట్ గారికి తల్లిదండ్రులు పెట్టిన పేరు థామస్. ఆయనది కార్లో కౌంటీలోని బాగెనల్స్‌టౌన్. కార్క్‌కు చెందిన మరో కపూచిన్ గురువు డొమినిక్ ఓకానర్ గారు ఇంట్లో జాన్. కాబట్టి ప్రతి గురువుకూ మీ పుస్తకంలో తల్లిదండ్రులు పెట్టిన పేరు, సభ పేరు విడివిడిగా రాసుకోండి. ఐరిష్ భాషా పునరుద్ధరణ సంఘమైన గేలిక్ లీగ్ ప్రభావంలో పెరిగిన ఆ తరంలో ఐరిష్ భాషలో సంతకం చేసినవారు చాలామంది ఉన్నారు కనుక ఐరిష్ రూపానికి కూడా చోటు ఉంచండి. ప్రభుత్వ జనన నమోదులో మొదటి పేరుతోనూ, మఠపు పత్రాల్లో రెండో పేరుతోనూ వెతకాలి.

రెండో చిక్కు నాకు మరింత ఆసక్తికరంగా తోచింది. మఠపు పత్రాలను ఏ మఠానివి, ఏ పదవికి చెందినవి, ఏ గురువువి అన్న వరుసలో అమరుస్తారు. సంస్కృతి అన్న శీర్షిక ఆ అమరికలో సహజంగా పుట్టదు. మీకు కావలసినది మద్యపాన నిరోధం కింద ఉంటుంది. 1838లో కార్క్‌లో కపూచిన్ గురువు థియోబాల్డ్ మాథ్యూ ఆరంభించిన ఆ ఉద్యమం కోసమే, ఆయన పేరు మీద 1891లో చర్చ్ స్ట్రీట్‌లో ఫాదర్ మాథ్యూ హాలు వెలిసింది. తాగుడు మానిన కార్మికుడికి సాయంత్రం గడపడానికి ఒక చోటు కావాలి కదా. అందుకే ఆ హాలులో కచేరీలు, నాటకాలు జరిగేవి, 1909 నుంచి ఫాదర్ మాథ్యూ ఫెష్ అనే కళల పోటీలు కూడా మొదలయ్యాయి. హాలు పేరు, ఫెష్ పేరు, మద్యపాన నిరోధ సంఘం పేరు పెట్టి వెతికి చూడండి. తిరుగుబాటు వారంలో ఆ హాలే గాయపడిన వాలంటీర్లకు (తిరుగుబాటుదారులకు) చికిత్స చేసే చోటు అయింది కనుక మీ వ్యాసంలోని రెండు పాయలూ అక్కడే కలుస్తాయి.

ప్రశ్న అడిగినవారు:
చాలా కృతజ్ఞతలండీ. మరణశిక్ష పడిన తిరుగుబాటు నాయకులను కపూచిన్ గురువు ఫాదర్ అలోషియస్ కలిసిన సందర్భాన్ని ఆయన సొంత మాటల్లో చదవాలంటే ఎక్కడ చూడాలి? ఆ కథనంపై ఎంతవరకు ఆధారపడవచ్చు?

మొదటి సమాధానమిచ్చినవారు:
ఆయన జ్ఞాపకాలు 1942 నాటి ‘కపూచిన్ యాన్యువల్’లో అచ్చయ్యాయి. 1930 నుంచి 1977 వరకు వెలువడిన ఆ వార్షిక సంచికకు చాలాకాలం ఫాదర్ సేనన్ మోయ్నిహన్ సంపాదకులు. మతం, సాహిత్యం, చిత్రకళ ఒకే అట్టల మధ్య ఇమిడిన ఆ సంచికలను మీరు ఎలాగూ చదవాలి. తరవాత 1947–1957 మధ్య ప్రభుత్వ సైనిక చరిత్ర విభాగం సేకరించిన 1,773 వాంగ్మూలాల్లో అలోషియస్ గారిదీ ఒకటి ఉంది. అది అంతర్జాలంలో ఉచితంగా దొరుకుతుంది. రెండూ పాతికేళ్లు దాటాక చెప్పిన మాటలే కనుక పక్కపక్కన పెట్టి చదివి, తేడా కనిపించిన చోట 1916 నాటి ఉత్తరాన్నో పత్రికనో సాక్ష్యంగా తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం.

మరో సభ్యుని సమాధానం:
పైవారు చెప్పిన పేర్ల సంగతి ఫ్రాన్సిస్కన్లకూ వర్తిస్తుంది. ‘నలుగురు ఆచార్యుల వార్షిక చరిత్ర’ అనే ఐర్లండ్ చరిత్ర గ్రంథాన్ని 1632–1636 మధ్య సంకలనం చేసిన ఫ్రాన్సిస్కన్ మీహాల్ ఓ క్లేరీ జ్ఞానస్నానపు పేరు టైగ్. 1607లో స్థాపించిన లూవెన్ కళాశాలలో చేరిన ఆ సభవారి వ్రాతప్రతులలో ఒక భాగం రోముకు వెళ్లి, 1872లో డబ్లిన్ చేరి, ఈ శతాబ్దంలో డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీ సంరక్షణలోకి వచ్చింది. పాత పుస్తకాల్లో వ్రాతప్రతి ఉన్న చోటుగా మర్చంట్స్ కీ, కిలైనీ (అవి గతంలో ఉన్న ఫ్రాన్సిస్కన్ మఠాల చోట్లు) అని కనిపిస్తే అక్కడికి బయలుదేరకండి.

ఆల్బర్ట్, డొమినిక్ గార్లను వారి ఐరిష్ గణతంత్రవాద అభిమానం కారణంగా అమెరికాకు పంపివేశారు. ఇద్దరూ అక్కడే, 1925లో ఒకరు, 1935లో మరొకరు కన్నుమూశారు. 1958లో వారి అస్థికలు కార్క్ దగ్గరి రోచెస్‌టౌన్‌కు తిరిగి వచ్చాయి. వారి చివరి ఏళ్ల ఉత్తరాల కోసం అమెరికా పశ్చిమ తీరపు కపూచిన్లను కూడా అడగండి. మఠాల ఆర్కైవ్స్ ప్రైవేటువి కనుక ముందుగా ఉత్తరం రాసి, అందులో ఆ గురువు రెండు పేర్లూ, మీకు కావలసిన సంవత్సరాలూ స్పష్టంగా తెలపండి.