1971 గర్భస్రావ చట్టం పెళ్లికాని స్త్రీకి వర్తించేదా?

ప్రశ్న (పరిశోధక విద్యార్థిని):

అందరికీ నమస్కారం. 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైన గర్భస్రావ చట్టాన్ని, అంటే ఎం.టి.పి. చట్టాన్ని, చదువుతున్నాను. గర్భనిరోధక సాధనం విఫలమై గర్భం వస్తే, ఆ వేదనను స్త్రీ మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హానిగా భావించవచ్చునని మూడో సెక్షన్‌లోని ఒక వివరణ చెబుతుంది. అయితే ఆ సాధనం వాడినది ‘వివాహిత స్త్రీ గానీ, ఆమె భర్త గానీ’ అయి ఉండాలని కూడా అందులోనే ఉంది. అంటే 2021 సవరణ వచ్చేదాకా పెళ్లికాని స్త్రీకి చట్టబద్ధమైన అబార్షన్ లేనట్టేనా?

జవాబు (న్యాయవాది):

లేనట్టు కాదండీ. సెక్షన్ అసలు పాఠంలో ‘గర్భవతి’ అనే తప్ప పెళ్లి ప్రస్తావన లేదు. ఆమె ప్రాణానికి ముప్పు గానీ, శారీరక, మానసిక ఆరోగ్యానికి తీవ్రమైన హాని గానీ ఉందని 12 వారాల వరకు ఒక డాక్టరు, ఆపైన 20 వారాల వరకు ఇద్దరు డాక్టర్లు సదుద్దేశంతో అభిప్రాయపడితే చాలు. 18 ఏళ్లు నిండి, మతిస్థిమితం ఉన్న స్త్రీ అయితే ఆమె సమ్మతి ఒక్కటే కావాలి. తండ్రి సంతకం గానీ, భర్త సంతకం గానీ చట్టం ఎన్నడూ అడగలేదు. తేడా ఎక్కడంటే, సాధనం విఫలమైందన్న వివాహిత మాటకు చట్టమే దన్నుగా నిలిచేది. అదే మాట అవివాహిత చెబితే డాక్టరును ఒప్పించుకునే భారం ఆమె మీదే పడేది. ఈ చట్టానికి దారితీసిన శాంతిలాల్ షా కమిటీ 1966లో నివేదిక ఇచ్చిన రోజులు కుటుంబ నియంత్రణ ప్రచారం జోరుగా సాగుతున్న రోజులు కాబట్టి, చట్టం రాసినవారి కళ్ల ముందు ఉన్నది పిల్లలు చాలనుకున్న ఇల్లాలే అని నాకు అనిపిస్తుంది.

జవాబు (రిటైర్డ్ స్టాఫ్ నర్సు):

వకీలు గారు చెప్పింది కాగితం మీది మాట. 1980లలో నేను పనిచేసిన ఆసుపత్రి రిజిస్టరులో పేరు పక్క గడి ‘ఎవరి భార్య, ఎవరి కుమార్తె’ అని ఉండేది, ఆ గడి దగ్గరకు రాగానే ఆడపిల్ల గొంతు తడారిపోయేది. కొందరు ముందురోజే పసుపుతాడు కట్టుకుని వచ్చేవారు, బి.పి. చూస్తుంటే ఆ పచ్చి పసుపు నా వేళ్లకు అంటేది. తాడు కొత్తదని అందరికీ తెలుసు, ఎవరూ అడిగేవాళ్లం కాదు. అయినా తల్లినో భర్తనో తీసుకురమ్మని మా డాక్టరమ్మ తిప్పి పంపేది. ఆ రిజిస్టరు రహస్య పత్రమని నిబంధనల్లో ఉన్న సంగతి మాకు ఎవరూ చెప్పలేదు. తిరిగి వచ్చేసరికి మూడో నెల కాస్తా ఐదో నెల అయ్యేది. కొందరు అసలు రానే లేదు, నాటువైద్యం చేయించుకుని జ్వరంతో, రక్తస్రావంతో మరో వార్డులో చేరేవారు.

ప్రశ్నించినవారు:

ధన్యవాదాలమ్మా. మరి 2021 తరువాత ఆ ఇబ్బంది పూర్తిగా తీరిందా?

జవాబు (న్యాయవాది):

పూర్తిగా కాదు. ఆ సవరణ ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి అయినా’ అని మార్చింది కానీ అది 20 వారాల వరకే. 20 నుంచి 24 వారాల మధ్య ఎవరికి అనుమతి ఉందో చెప్పే 3బి నియమంలో వితంతువులు, విడాకులు పొందినవారు ఉన్నారు, పెళ్లికానివారు లేరు. పెళ్లాడతానన్న మనిషి చివరికి కాదనడంతో 25 ఏళ్ల అవివాహిత ఒకరు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లగా, 2022 జూలై 15న ఆ నియమాన్నే చూపి అక్కడ నిరాకరించారు. ఆరు రోజులకే సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో, వైద్య బోర్డు పరీక్షకు లోబడి, అనుమతించింది. సెప్టెంబరు 29న జస్టిస్ చంద్రచూడ్ ధర్మాసనం ఆ నియమం అవివాహితలకూ వర్తిస్తుందని, చట్టం అడగని కుటుంబసభ్యుల సమ్మతి వంటి షరతులను డాక్టర్లు పెట్టకూడదని తీర్పు చెప్పింది. ఆ రెండో మాట నర్సమ్మ గారు చూసిన ఆసుపత్రికి దాదాపు నలభై ఏళ్లు ఆలస్యంగా అందింది.