లిస్టింగ్ ఫ్రీ అన్నారు, చెంబు అమ్మితే 5.60 డాలర్లు కోశారు. ఇదెక్కడి లెక్క?

సరవకోట కోడలు:
అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, బుడితి దగ్గర. మామగారు ఇత్తడి పోత పని చేస్తారు. చెంబులు, దీపపు కుందులు నేను ఒక విదేశీ వేలం సైట్‌లో పెడుతుంటాను. సైట్ పేరు ఎందుకులెండి, రేపు మళ్లీ వాళ్ల దగ్గరే అమ్ముకోవాలి. రెండు ఇబ్బందులు వచ్చాయి.

ఇదివరకు ఒక వస్తువు పెట్టడానికి 50 సెంట్లు, అమ్ముడైతే ధర మీద 9 శాతం తీసుకునేవారు. ఈమధ్య మార్చారు. పెట్టడం ఫ్రీ, అమ్ముడైతే 13 శాతం, పైన 40 సెంట్లు. ఫ్రీ అనేసరికి సంబరపడి ఒకేసారి ఇరవై పెట్టాను. ఒక చెంబు 18 డాలర్లకి పోయింది. పోస్టేజీ 22 డాలర్లు కొన్నావిడే కట్టింది. 18కి 13 శాతం అంటే 2.34, దానికి 40 సెంట్లు కలిపితే 2.74 కదా? 5.60 కోశారు.

రెండోది, ఆవిడే నెగటివ్ ఇచ్చింది. మచ్చలున్నాయట, ఫొటోలో చూసింది ఇది కాదట. నాకున్నవే 23 ఫీడ్‌బ్యాక్‌లు. నేనూ ఒకటి రాద్దామంటే, కొనేవాళ్లకి నెగటివ్ ఇచ్చే వీలే తీసేశారు. "ఏటమ్మా, మన చెంబుకి వంక పెట్టారా" అని మామగారు రెండు రోజులు సరిగ్గా తినలేదు. చాలా టెన్షన్‌గా ఉంది.

ఏడు రోడ్ల జంక్షన్:
చెల్లెమ్మా, కోత సరిగ్గానే ఉంది, లెక్క వేసిన చోటే తేడా. 13 శాతం చెంబు ధర మీద కాదు, కొన్నావిడ కట్టిన మొత్తం మీద. 18, 22 కలిపి 40. దాని మీద 5.20, పైన 40 సెంట్లు. అంటే పోస్టాఫీసుకి పోయే డబ్బు మీద కూడా మీరు కమిషన్ కడుతున్నారు. పెద్ద వేలం సైట్లలో ఇది చాలాకాలంగా ఉన్నదే. వస్తువు ఒక డాలరు, పోస్టేజీ 30 డాలర్లు అని పెట్టి కమిషన్ ఎగ్గొట్టే మహానుభావులు ఉండేవారు, వాళ్ల కోసం వేసిన కట్టడి ఇది. తగిలింది మాత్రం బరువైన సరుకు అమ్మే మీలాంటివాళ్లకి.

గంటస్తంభం స్టాంపులు:
విజయనగరం నుంచి. నాకైతే ఈ పద్ధతే లాభం అన్నా. నేను అమ్మేది పాత స్టాంపులు, అగ్గిపెట్టె లేబుళ్లు. సుమారు 6 డాలర్ల సరుకు, 3 డాలర్ల పోస్టేజీ. నాలుగుసార్లు పెడితే గానీ ఒకటి పోదు. పాత లెక్కలో నాలుగుసార్లు పెట్టినందుకు 2 డాలర్లు, కమిషన్ 54 సెంట్లు, మొత్తం 2.54. ఇప్పుడు 1.57తో సరి.

ఏడు రోడ్ల జంక్షన్:
అదీ అసలు సంగతి. ఫీజు పెరిగిందా తగ్గిందా అన్నది సరుకు బరువు మీదా, ఎన్నిసార్లు పెడితే ఒకటి పోతుందన్న దాని మీదా ఉంటుంది. చెల్లెమ్మ చెంబు పాత లెక్కలో ఎనిమిదిసార్లు పెట్టాకే పోయి ఉంటే, అప్పుడూ ఇప్పుడూ కోత ఇంచుమించు ఒకటే. మొదటిసారికే పోయి ఉంటే ఇప్పుడు మూడున్నర డాలర్లు ఎక్కువ.

ఇక ధర. చాలామంది 18కి 13 శాతం కలిపి 20.34 పెడతారు. అలా పెడితే చేతికి 14.44 వస్తుంది, 18 కాదు. చేతికి రావాల్సింది, పోస్టేజీ, 40 సెంట్లు కలపండి. వచ్చినదాన్ని 0.87తో భాగించండి. మీ చెంబుకి 40.40ని 0.87తో భాగిస్తే 46.44. అందులో పోస్టేజీ తీసేస్తే 24.44, మనం 24.50 అనుకుందాం. వేలం ఇంతకంటే తక్కువలో మొదలుపెట్టొద్దు. ఒక డాలరుతో మొదలుపెడితే జనం ఎగబడతారన్నది పదిమంది పోటీపడే సరుకుకే. ఇత్తడి చెంబుకి ఒక్కరే వస్తారు, ఆ ఒక్కరూ డాలరుకే పట్టుకుపోతారు. నన్నడిగితే వేలం మానేసి స్థిర ధర పెట్టండి.

పొందూరు నూలు:
మరి ఆ ఫీడ్‌బ్యాక్ సంగతో? వాళ్లు మనల్ని తిట్టొచ్చు, మనం నోరెత్తకూడదు. నాకూ జరిగింది, చేనేత పంచెలో నూలు ముడి కనబడిందని ఒకాయన రెండు స్టార్లే ఇచ్చాడు. చేత్తో వడికిన నూలన్నాక ముడి లేకుండా ఎలాగండీ!

ఏడు రోడ్ల జంక్షన్:
ఈ పద్ధతికి దారి వేసింది ఈబే. 1996లో ఫీడ్‌బ్యాక్ పెట్టినప్పుడు ఇద్దరూ ఒకరి గురించి ఒకరు రాసుకోవచ్చు. 2008లో ఒక్క దెబ్బకి రెండూ మార్చారు. వస్తువు పెట్టే ఫీజు తగ్గించి అమ్మకం మీది కమిషన్ పెంచారు, అమ్మేవాళ్లు కొనేవాళ్లకి నెగటివ్ ఇవ్వకూడదన్నారు. ఆ ఏడాది ఫిబ్రవరి 18 నుంచి వారం రోజులు అమ్మకందారులు బహిష్కరణ కూడా చేశారు. ఫీడ్‌బ్యాక్ నిబంధన మాత్రం వెనక్కి పోలేదు.

నేను అప్పట్లో మన ఈబే ఇండియాలో అమ్మేవాణ్ని. 2004లో వాళ్లు బాజీ డాట్ కామ్ అనే మన దేశపు వేలం సైట్‌ని కొన్నప్పటి నుంచీ, 2018 ఆగస్టులో మూతపడేదాకా. మనలో మన మాట, ఆ నిబంధనకి కారణం కూడా ఉంది. కొన్నాయన ముందు ఏం రాస్తాడో చూసి, నెగటివ్ రాస్తే మనమూ నెగటివ్ కొట్టేవాళ్లం. ఆ భయానికి కొనేవాళ్లు నిజం రాసేవారు కాదు. నేనూ ఒకరిద్దరిని అలా కొట్టినవాణ్నే.

కానీ చిన్నవాళ్లకి దెబ్బ ఎక్కువే. ఐదు వేల అమ్మకాలున్నవాడికి ఒక నెగటివ్ వస్తే ఎవరికీ కనబడదు. 23లో ఒకటి వస్తే మంచి ఫీడ్‌బ్యాక్ 95.7 శాతానికి పడిపోతుంది. ఫీజుని ధరలో కలిపేసుకోవచ్చు, దీన్ని ఎందులో కలుపుతాం? అందుకే చెల్లెమ్మా, మీరు టెన్షన్ పడాల్సింది ఆ 5.60 గురించి కాదు. ఇంతకీ లిస్టింగ్ టైటిల్ ఏం పెట్టారు? ఉన్నది ఉన్నట్టు రాయండి.

సరవకోట కోడలు:
"యాంటిక్ ఇండియన్ బ్రాస్ లోటా" అన్నా. అందరూ అలాగే పెడుతున్నారు కదా అని.

ఏడు రోడ్ల జంక్షన్:
దొరికింది. ఆవిడ పాతకాలపు చెంబనుకుని కొంది. వచ్చింది మొన్న పోసిన చెంబు. దాని మీద పోతలో పడ్డ చుక్కలు, దారిలో పట్టిన చిలుము. మచ్చలన్నీ పాతదానికైతే అందం, కొత్తదానికైతే వంక. ఆ మాట ఈరోజే తీసేయండి.

అది ఇంకో రకంగానూ ప్రమాదం. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలు, హస్తకళా వస్తువులు, నాణేలు మామూలు మనుషులు దేశం బయటికి పంపకూడదు. రాతప్రతులకైతే 75 ఏళ్లే. మీది కొత్తదే అయినా, మీరే యాంటిక్ అని రాసి పార్సిల్ పంపితే కస్టమ్స్‌లో ఆపి అడుగుతారు. స్టాంపుల తమ్ముడూ, పాత నాణేల జోలికి వెళ్తే నువ్వూ గుర్తుపెట్టుకో.

గంటస్తంభం స్టాంపులు:
అమ్మో. మా తాతగారి డబ్బాలో విక్టోరియా రాణి రూపాయలు రెండున్నాయి. డబ్బాలోనే ఉండనీ.

పొందూరు నూలు:
అమెరికా పార్సిళ్లకి సుంకం గొడవ కూడా చెప్పండి అన్నా. 800 డాలర్ల లోపు సరుకుకి ఉన్న మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ సమయంలో మన తపాలా వాళ్లు కూడా కొన్ని వారాలు అమెరికా పార్సిళ్లు ఆపారు. సుంకం పడితే ఆ కోపం కూడా మన ఫీడ్‌బ్యాక్ మీదే చూపిస్తున్నారు.

ఏడు రోడ్ల జంక్షన్:
నిజమే. పంపే రోజు డాక్‌ఘర్ నిర్యాత్ కేంద్రంలో, అంటే పోస్టాఫీసులోని ఎగుమతి కేంద్రంలో అడిగి, సుంకం ఎవరు కడుతున్నారో లిస్టింగ్‌లోనే రాసేయడం మేలు. ఐఈసీ, అంటే ఎగుమతి దిగుమతుల కోడ్ నంబరు, లేకపోతే ముందు అది తీసుకోండి, 500 రూపాయలు, ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.

చెల్లెమ్మా, ఆవిడకి ఇలా రాయండి: "టైటిల్‌లో యాంటిక్ అని రాయడం నా తప్పు. ఇది మా మామగారు చేత్తో పోసిన కొత్త చెంబు. మీకు వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తాను. ఉంచుకుంటే 6 డాలర్లు తిరిగి ఇస్తాను." నెగటివ్ తీసేస్తేనే ఇస్తానని మాత్రం రాయొద్దు, అది బేరం కిందికి వస్తుంది, ఖాతాకే ముప్పు. విషయం తేలాక, ఫీడ్‌బ్యాక్ మార్చమని సైట్ ద్వారా వినతి పంపే వీలుంటుంది. ఈబేలో అయితే ఫీడ్‌బ్యాక్ వచ్చిన 30 రోజుల్లోపు పంపాలి, మీ సైట్‌లో గడువెంతో ఇవాళే చూసుకోండి. ఫొటోలు ఎండలో తీయండి, అడుగు భాగం, చుక్కలున్న చోటు దగ్గరగా. వంక మనమే చూపిస్తే వాళ్లు వెతికేది ఉండదు.

సరవకోట కోడలు:
మూడు రోజుల తర్వాత చెప్తున్నాను. మీరన్నట్టే రాశాను. చెంబు ఉంచుకుంటానంది, 6 డాలర్లు పంపేశాను. నెగటివ్ ఇంకా అలాగే ఉంది, వినతి పంపాను. ఆవిడ మాత్రం చిలుము ఎలా పోతుందని అడిగింది. చింతపండుతో తోమి, కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడవమన్నాను. అక్కడ చింతపండు ఏ కొట్లో దొరుకుతుందని మళ్లీ అడిగింది. ఇండియన్ స్టోర్లో అని చెప్పాను.

ఇంకో సందేహం. ఇకమీద చెంబు అడుగున పోసిన సంవత్సరం చెక్కితే ఈ పాతా కొత్తా గొడవ ఉండదు కదా అని మామగారు అడగమన్నారు.

ఏడు రోడ్ల జంక్షన్:
చెక్కమనండి. పక్కన బుడితి అని కూడా. ఆ అడుగు ఫొటోనే మొదట పెట్టండి.