సింగిల్ ఇంజన్ బోటుకు థ్రస్టర్ ముందర పెట్టాలా, వెనకనా?

జమ్మలమడుగు కుర్రోడు:
అన్నలకు నమస్కారం. గండికోట రిజర్వాయర్లో తిప్పడానికి 38 అడుగుల ఇనుప బోటు కట్టించి నీళ్లలోకి దించాం. ఒకటే డీజిల్ ఇంజన్, నీళ్లలో తిరిగే ఫ్యాను (ప్రొపెల్లర్) కూడా ఒకటే. జెట్టీకి ఆనించేటప్పుడు పక్కగాలి వస్తే ముక్కు తిరిగిపోతోంది. పిల్లలు, ముసలోళ్లు ఎక్కే బోటు, సందు పడితే చానా టెన్షన్. బోటును పక్కకు తోసే చిన్న మోటారు ఫ్యాను, అదే థ్రస్టర్, ఒక్కదానికే డబ్బు ఉంది. వర్క్‌షాప్ వాళ్లేమో వెనక బిగించడం సులువు, ముందరైతే బాడీ కోయాలి అంటున్నారు.

ఆత్మకూరు సరంగు:
ముందరే పెట్టించు తమ్ముడూ. వెనక భాగాన్ని జరిపే సాధనం నీకు ఇప్పటికే ఉంది. చుక్కాని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, ముందు గేరులో ఒక్క క్షణం రేజ్ చేసి వదులు. ఫ్యాను తోసిన నీళ్లు చుక్కానికి కొట్టుకుంటాయి, బోటు వేగం అందుకోకముందే వెనక భాగం పక్కకు జరుగుతుంది. కుడిచేతి ఫ్యాను (ముందు గేరులో వెనక నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగేది) అయితే రివర్సులో వెనక భాగాన్ని ఎడమకు లాగుతుంది, అదీ వాడుకోవచ్చు. ముక్కును పట్టుకునేదే ఏదీ లేదు. అది నీళ్లలో తక్కువ మునిగి పైకి ఎత్తుగా ఉంటుంది కాబట్టి గాలి ముందు దాన్నే తోస్తుంది. సంగమేశ్వరం దగ్గర మేము బోటు తిప్పేటప్పుడు ముందర ఒక మనిషి వెదురు గడ పట్టుకొని నిలబడేవాడు. థ్రస్టర్ చేసేది ఆ మనిషి పనే. రెండు ఇంజన్ల బోటైతే ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు వేసి తిప్పుకోవచ్చు, నీకు ఆ వీలు లేదు.

కడప ఎలక్ట్రీషియన్:
సరంగన్న మాటే నాదీ. కానీ బ్యాటరీ సంగతి ముందే చూసుకో. 12 వోల్టుల థ్రస్టర్ వందల ఆంపియర్లు లాగుతుంది. ఇంజన్ దగ్గర బ్యాటరీ నుంచి ముక్కు దాకా సన్న వైరు లాగితే వోల్టేజి పడిపోయి తోపు తగ్గుతుంది. థ్రస్టర్ పక్కనే వేరే బ్యాటరీ, లావు కేబుల్, ఫ్యూజు పెట్టించు. స్విచ్ రెండు సెకన్లు నొక్కి వదలాలి. నిమిషాల తరబడి నొక్కితే మోటారు వేడెక్కి ఆగిపోతుంది.

జమ్మలమడుగు కుర్రోడు:
ముక్కు దగ్గర బోటు అడుగున్నర కూడా మునగదన్నా. థ్రస్టర్ ఫ్యాను తిరిగే అడ్డ గొట్టం అక్కడ పడుతుందా?

ఆత్మకూరు సరంగు:
గొట్టం పై అంచు నీటిమట్టానికి కనీసం గొట్టం వ్యాసంలో సగమైనా కింద ఉండాలి, ఒక వ్యాసం ఉంటే ఇంకా మేలు. లేకుంటే గాలి పీల్చి మోతే తప్ప తోపు రాదు. జనాన్ని వెనక కూర్చోబెట్టి కొలువు, అప్పుడే ముక్కు బాగా లేస్తుంది. లోతు చాలకపోతే కిందికి దిగి పని చేసి మళ్లీ లోపలికి ముడుచుకునే రకం ఉంటుంది, దాని ధర కనుక్కో. నీళ్లు తగ్గినప్పుడు తల్లప్రొద్దుటూరులాంటి మునిగిన ఊళ్ల పైన మాత్రం అది దించొద్దు, గోడలకు తగిలి విరుగుతుంది.